పద్నాలుగో బ్యాచ్‌లో రాయని దినుసు

మందుల ఫార్ములేషన్‌లో, అంటే మందును మాత్రగానో సూదిగానో తయారుచేసే పనిలో, నేను ముప్పై ఏళ్ళు గడిపాను. అందులో సగం చిరాకు పడటంతోనే సరిపోయింది. మిగతా సగం, ఆ చిరాకు ఎవరిమీద పడాల్సిందో తెలుసుకోవడానికి పట్టింది. ఈమధ్య ఫార్మసీ చదివిన పిల్లలు ఉద్యోగంలో చేరుతూ, "సార్, ఏవైనా టిప్స్ చెప్పండి" అని మా ఇంటికి వస్తున్నారు. టిప్సూ లేవు, గిప్సూ లేవు. మందు ఎంత వేగంగా బయటికొస్తుందో లెక్కగట్టే సూత్రాలు పుస్తకాల్లో ఉన్నాయి, అవి నాకంటే వాళ్ళకే బాగా వచ్చు. పుస్తకాల్లో లేనిది ఒక్కటుంది. అది చెప్పాలంటే జూబ్లీహిల్స్‌లో మా ల్యాబ్ ఉన్న బంగళా గురించీ, నర్సింలు గురించీ, అర దిమ్మ ఐసు గురించీ చెప్పాలి.

కొండమీద ల్యాబ్

తొంభైల మొదట్లో మాట. మా చైర్మన్‌గారు భీమవరం వైపు నుంచి వచ్చిన మనిషి. బియ్యం మిల్లుల్లో పైకొచ్చి, ఊరవతల మాత్రల ఫ్యాక్టరీ పెట్టి, ఆ తర్వాత రీసెర్చ్ మీద మోజు పడ్డారు. మోజు పడ్డవారు ఫ్యాక్టరీలోనే నాలుగు గదులు కట్టించవచ్చు కదా? కట్టించలేదు. జూబ్లీహిల్స్‌లో బంగళా అద్దెకు తీసుకున్నారు.

"రీసెర్చ్ అంటే కొండమీద ఉండాలండీ ప్రసాదరావుగారూ. వచ్చినవాడు కిటికీలోంచి చూసి, అబ్బో అనుకోవాలి" అన్నారు.

వచ్చినవాడు కిటికీలోంచి చూస్తే కనపడేది బండరాళ్ళు, పక్క బంగళాలో షూటింగు. పడకగదిలో మాత్రల మిషను పెట్టాం. వంటగదిలో, కడప రాయి గట్టుమీద, నా పని. స్నానాలగదిలో గాజుసామాను కడగడం. ఇంత బతుకూ బతికి ఇంకొకళ్ళ వంటింట్లో సైన్సు చేయాల్సి వచ్చిందని మొదటి ఏడాదంతా సణుక్కున్నాను.

పక్క బంగళాను షూటింగులకే ఇచ్చేవారు. సోమవారం అది హీరోగారి ఇల్లు, మంగళవారం విలన్ డెన్, బుధవారం నర్సింగ్ హోమ్. నర్సింగ్ హోమ్ అయిన రోజున ప్రొడక్షన్ మేనేజరు మా గేటు దగ్గరికొచ్చి, "సార్, నాలుగు తెల్లకోట్లు ఇప్పిస్తారా? సాయంత్రానికి పంపించేస్తాం" అనేవాడు. ఒకసారి నా కోటు కాలరుకు ఎర్రటి మేకప్ రంగు అంటుకుని తిరిగొచ్చింది. గోడకవతల ఆ కోటు వేసుకున్న నటుడు, ఇరవై నాలుగు గంటలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమని పదకొండు టేకులు చెప్పాడు. గోడకివతల, ముప్పై రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేని పని నాది.

పూసలు

ఆ పనేమిటంటే, మైక్రోస్ఫియర్లు. ఆపరేషన్ కుట్లకు వాడే దారం ఒంట్లో తనంతట తాను కరిగిపోతుంది కదా, ఆ జాతి పాలిమర్‌తో కంటికి పొడిలా కనపడేంత సన్నటి పూసలు చేయాలి. పూసల లోపల మందు ఉంటుంది. కండలోకి సూదితో ఎక్కిస్తే, పాలిమర్ కొంచెం కొంచెంగా కరుగుతూ మందును నెలంతా వదలాలి. నెలకొక్క సూది, రోజూ మాత్రల బాధ లేదు.

మా మందు మతిస్థిమితం లేనివాళ్ళకు ఇచ్చేది. మాత్ర మింగడానికే ఒప్పుకోని రోగులు వాళ్ళు.

నర్సింలు మా టెక్నీషియన్. అప్పటికి నలభై దాటాయి. యూసుఫ్‌గూడలో ఉండేవాడు. చదువు ఇంటరుతో ఆగిపోయినా, ఎమల్షన్ పోసే చేయి అతనిది. మందు కరిగిన నీళ్ళను పాలిమర్ ద్రావకంలో చిలకాలి. ఆ చిలికినదాన్ని సన్నటి ధారగా పెద్ద బీకరులోని జిగురునీళ్ళలో పోయాలి. అప్పుడు చుక్కలు చుక్కలుగా విడిపోయి, ద్రావకం ఆవిరై, పూసలు గట్టిపడతాయి. ఆ ధార నేను పోస్తే ఉండలు కట్టేది, నర్సింలు పోస్తే పూసలయ్యేది. ఈ మాట నేను అతనితో ఒక్కసారి కూడా అనలేదు.

అతని తమ్ముడు కిష్టయ్య సినిమాల్లో లైట్‌మాన్. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. నర్సింలే సాకేవాడు.

"గోలీ ఇస్తే మింగినట్టే చేస్తడు సార్. నాలుక కింద పెట్టుకొని, బయటికి పోయి ఉమ్మేస్తడు. మన సూది అయితే నెలకొక్కపారి గదా. నేను పట్టుకుంట, డాక్టరు ఏస్తడు, అయిపాయె" అనేవాడు. ప్రతి బ్యాచ్‌కూ అదే ప్రశ్న. "గిది ఎప్పుడొస్తది సార్ దుకాణాలకు?"

"ముందు బీకరు సరిగ్గా కడుగు, తర్వాత చూద్దాం" అనేవాణ్ణి నేను. అది జోకనుకునేవాణ్ణి.

దినుసుల తగువు

పూసలతో మాకొచ్చిన చిక్కు మొదటిరోజుది. మందు నీళ్ళలో ఇట్టే కరిగే రకం. పూస గట్టిపడేలోపే లోపలి మందు బయటి నీళ్ళవైపు జరిగి, పూస పైపొరలో చేరేది. పూస ఒళ్ళంతా బెజ్జాలు. సీసాలో, ఒంటివేడి ఉన్న నీళ్ళలో పెట్టి పరీక్ష చేస్తే, నెలరోజులు రావలసిన మందులో మూడోవంతు మొదటిరోజే బయటికొచ్చేది. దీన్ని మేం బర్స్ట్ అంటాం. కాగితం మీద అది ఒక చుక్క. మనిషిలో అయితే మెడ బిగుసుకుపోవడం, మాట ముద్దకట్టడం. మామూలు సూదులతో తమ్ముడికి అలా కావడం నర్సింలు కళ్ళారా చూశాడు. ఆ సంగతి చైర్మన్‌గారికంటే అతనికే బాగా అర్థమైంది.

పాలిమర్ ఎక్కువ వేశాం. గోడ మందమైంది, బర్స్ట్ తగ్గింది, ఆ తర్వాత పది రోజులు చుక్క మందు రాలేదు. తొందరగా కరిగే పొట్టి గొలుసుల పాలిమర్ తెప్పిస్తే రెండు వారాల్లోనే పూసలు ఖాళీ. జిగురు పెంచితే పూసలు మరీ సన్నబడ్డాయి. సన్న పూసకు లోపలికంటే పైభాగమే ఎక్కువ కాబట్టి మందు ఇంకా తొందరపడింది. జిగురు తగ్గిస్తే పూసలు ఒకదానికొకటి అతుక్కుని బొబ్బట్టయ్యాయి. పెళ్ళి బస్సులో ఒకణ్ణి లేపి ఇంకొకణ్ణి కూర్చోబెడితే నలుగురు అలిగినట్టుండేది. ఏ దినుసూ తన పని తాను చేసుకుని ఊరుకోదు, పక్కదాని పనిలో వేలు పెడుతుంది. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. ఒకేసారి రెండు దినుసులు మార్చి, ఫలితం ఏ దినుసువల్ల వచ్చిందో చెప్పేవాణ్ణి నమ్మకండి.

మందు కొంచెం తక్కువ నింపితే బర్స్ట్ తగ్గుతుందని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. చైర్మన్‌గారు వినలేదు. మందు ఎక్కువ ఉంటే సూది చిన్నదవుతుంది, చిన్న సూది అమ్ముడుపోతుంది. మందు ఎక్కువైతే కరిగిన చోటల్లా సొరంగాలు పడి, మిగతాది వాటిలోంచి పారిపోతుందని బొమ్మ గీసి చూపించాను.

ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి, "ఆ మొదటిరోజు గొడవేదో పేషెంటును కాస్త సర్దుకుపొమ్మని డాక్టర్లతో చెప్పిద్దామండీ" అన్నారు.

ఇలాంటి పెద్దమనుషుల కింద పనిచేశాను నేను.

గోడమీద కాగితం

నా గొప్ప కూడా చెప్పుకోవాలి. సుజాత అని ఒక కెమిస్టు ఉండేది. చురుకైన పిల్ల. తొమ్మిదో బ్యాచ్‌లో జిగురు తూకం తప్పు వేశానని తనే నా దగ్గరికొచ్చి చెప్పింది. నేను పదిమందిలో ఇల్లెగిరిపోయేలా అరిచాను. అరిచింది చాలక, తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయించి వంటింటి గోడకు అంటించాను. ఆ అమ్మాయి రెండు నెలల్లో వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. కాగితం మాత్రం గోడమీదే ఉంది.

అప్పట్నుంచి ల్యాబ్‌లో ఎవరూ తప్పు చేశామని చెప్పలేదు. పని గాడిలో పడింది, క్రమశిక్షణ వచ్చింది అనుకుని మురిసిపోయాను.

పద్నాలుగు

పద్నాలుగో బ్యాచ్ ఎండాకాలంలో చేశాం. ఆరోజు నేను వంటింట్లో లేను. చైర్మన్‌గారు బంజారాహిల్స్‌లో ఉండే ఒక నిర్మాతను వెంటబెట్టుకొచ్చి, పెట్టుబడి పెడతాడేమోనని నాచేత ముందు గదిలో పూసల పురాణం చెప్పించారు. ఆయన అంతా విని, ఈ పూసలు మొహానికి రాసుకుంటే తెల్లబడతారా అని అడిగి వెళ్ళిపోయాడు. నేను లోపలికి వచ్చేసరికి నర్సింలు పూసలు వడకట్టి ఆరబెడుతున్నాడు. అంతా ఎప్పటిలాగే ఉంది.

ఆ పూసలను సీసాలో పెట్టి రోజూ నమూనా తీశాం. మొదటిరోజు బర్స్ట్ లేదు. రెండోరోజు కొంచెం మందు వచ్చింది, మూడోరోజు ఇంకొంచెం. నెల తిరిగేసరికి గ్రాఫు మీద గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. చైర్మన్‌గారు మైసూర్‌పాక్ పంచి, దేశంలో ఇలాంటిది ఇంతకుముందు లేదని ఫోన్లు చేశారు. నర్సింలు మాత్రం మైసూర్‌పాక్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సంతోషంతో తినడం మరిచిపోయాడనుకున్నాను.

పదిహేనో బ్యాచ్‌లో బర్స్ట్ మళ్ళీ మూడోవంతు. పదహారూ అంతే. ఇరవై రెండు దాకా అంతే. అదే పాలిమర్, అదే మందు, అదే జిగురు, అదే చేయి. బ్యాచ్ వివరాలు రాసే ల్యాబ్ పుస్తకంలో పద్నాలుగో పేజీని నేను ఎన్నిసార్లు చదివానంటే, నర్సింలు చేతిరాత నాకు కంఠతా వచ్చేసింది. తల ప్రాణం తోకకొచ్చింది. పాలిమర్ పంపినవాళ్ళను తిట్టాను. కరెంటును తిట్టాను. షూటింగు లైట్లవల్ల వోల్టేజీ పడిపోయి, మా చిలికే మిషను నెమ్మదించిందేమోనని పక్క బంగళాకు వెళ్ళి ప్రొడక్షన్ మేనేజరుతో పోట్లాట పెట్టుకున్నాను.

"మాకు జనరేటర్ ఉంది సార్, మీ కరెంటు మాకెందుకు?" అన్నాడతను. "ఆ ఎండాకాలం షెడ్యూల్లో మీ దగ్గర తీసుకున్నది ఒక్క ఐసే. అర దిమ్మ. కూల్‌డ్రింకులకు. మీ నర్సింలునడగండి."

"ఐసు సంగతి కాదయ్యా నేనడిగేది!" అని అరిచి వచ్చేశాను.

చూశారా? అడిగిన ప్రశ్నకు జవాబు చేతికిస్తే, ప్రశ్న ఇది కాదని విసిరేసి వచ్చాను.

ఒక మాట

చైర్మన్‌గారు శ్రీనగర్ కాలనీలోని తమ ఇంటికి పిలిపించారు. కాఫీ ఇచ్చి, మైక్రోస్ఫియర్ల ఫైలు మూసేశామని చెప్పారు. వంటింట్లో దగ్గు సిరప్ పెడతారట. ట్యాంకులు రావడానికి నెల పడుతుంది, ఈలోగా సర్దేసుకోమన్నారు.

"మనవాళ్ళకు మీరే చెప్పండి, మీ మాట మర్యాదగా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను.

తిరిగొచ్చేసరికి నర్సింలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా కిష్టయ్య కనపడకుండా పోయాడని, ఆ పొద్దున్నే కృష్ణానగర్‌లో ఒక సెట్టింగు చెక్కల చాటున దొరికాడని తర్వాత తెలిసింది.

నేను నోరు తెరిచేలోపే అతనే అన్నాడు. "సార్, ఒక మాట చెప్తా. నౌకరీ పోతే పోనీ."

చెప్పాడు. బయటి నీళ్ళు చల్లగా ఉండాలని బీకరును ఐసు తొట్టిలో పెట్టేవాళ్ళం. ఐసు మీద రాళ్ళ ఉప్పు జల్లేవాళ్ళం, ఐస్‌ఫ్రూట్ బండివాడు చల్లదనం పెరగడానికి చేసేదే. పద్నాలుగో బ్యాచ్ రోజున షూటింగువాళ్ళు అర దిమ్మ పట్టుకుపోయారు. ఇతను మర్యాదకు కాదనలేకపోయాడు. మిగిలిన ఐసుతో తొట్టి సగమే నిండింది. ఎండకు బీకరు చల్లబడలేదు. ఇటు చిలికినది సిద్ధమైపోయింది, ఆపితే పాడైపోతుంది. ఏంచేయాలో తోచక, తొట్టిలోంచి ఉప్పంటిన ఐసు ముక్కలు దోసిలితో తీసి, తిన్నగా బీకరులోని జిగురునీళ్ళలో వేసేశాడు. పుస్తకంలో మాత్రం ఎప్పట్లాగే, 'ఐసు తొట్టిలో చల్లబరచడమైనది' అని రాశాడు.

"ఎంత ఉప్పు పోయిందో నాకే ఎరికలేదు సార్."

నేను అల్మారా దగ్గరికి పరిగెత్తాను. ప్రతి బ్యాచ్ వడకట్టిన నీళ్ళూ చీటీ అంటించి దాచడం నా చాదస్తం. పదమూడో సీసా నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఏమీ కాలేదు. పద్నాలుగులో వేశాను, పాలు విరిగినట్టు తెల్లటి ముద్దలు కట్టింది. ఉప్పు. సాక్ష్యం ఇన్ని నెలలు నా అల్మారాలోనే, నా చేతిరాత చీటీ కిందే ఉంది.

సంగతి చాలా చిన్నది. పూస లోపల మందు కరిగిన నీళ్ళు చిక్కగా ఉంటాయి, బయటివి పలచగా. పలచటి నీళ్ళు లోపలికి తోసుకొస్తాయి, పచ్చిగా ఉన్న పూసను ఉబ్బించి బెజ్జాలు చేస్తాయి, మందు ఆ దారిన బయటికొస్తుంది. బయట కూడా ఉప్పు ఉంటే తోపులాట ఉండదు. పూస గట్టిగా, నున్నగా ఆరుతుంది. పాలిమర్ మీద, మందు మీద ఏళ్ళతరబడి కుస్తీ పట్టాను. పూసలోకి చేరనే చేరని దినుసు ఒకటి బయట నిలబడి మొత్తం నడిపిస్తుందని నాకు తట్టలేదు.

అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "ఇంతకాలం ఎందుకు చెప్పలేదు? ఎనిమిది బ్యాచులు! నీకు అనుమానమైనా రాలేదా?"

"మూడు బ్యాచులు పోయినంక ఒచ్చింది సార్."

"మరి అప్పుడైనా ఏడవకపోయావా?"

అతను తలెత్తి నావైపు చూడలేదు. గోడవైపు చూశాడు. "సుజాతమ్మ కాయితం ఇంకా గాడనే ఉండె సార్."

పిల్లలూ, టిప్ కావాలన్నారుగా, ఇదే. మీ పుస్తకంలో పాలిమర్‌కు ఒక గడి, జిగురుకొక గడి, వేడికొక గడి ఉంటాయి. తప్పు జరిగితే రాసే గడి ఉండదు. ఆ గడి మనిషి మొహంలో ఉండాలి, పైఅధికారి మొహంలో. నా మొహంలో లేదు. నా అరుపు ఆ ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ కలిసిన దినుసు. దాన్నీ ఎవరూ రాయలేదు.

ముప్పయ్యో రోజు

మర్నాడే చైర్మన్‌గారి దగ్గరికి పరిగెత్తి చెప్పాను. "ఉప్పా?" అన్నారు. "కంపెనీ పరువు ఉప్పు మీద పెట్టమంటారాండీ? ట్యాంకులకు ఆర్డరిచ్చేశాం. అదేదో అప్పుడే చెప్పి ఉండాల్సింది." ఎవరు ఎవరికి చెప్పి ఉండాల్సిందో ఆయనకు వివరించే ఓపిక నాకు లేకపోయింది.

అయినా మిగిలిన పాలిమర్ ఊడ్చి ఒక బ్యాచ్ చేశాం. ఈసారి ఉప్పును తూకం వేసి, పుస్తకంలో రాసి వేశాం. నర్సింలు ధార పోశాడు. సీసా పరీక్షకు పెట్టాం. రోజూ పొద్దున్నే, ఆదివారాలు కూడా యూసుఫ్‌గూడ నుంచి కొండెక్కి వచ్చి నమూనా తీసేవాడు. ఫైలు మూసేశారని నేను అతనికి చెప్పలేదు. రేపు చెబుదాం, ఈ వారం పోయాక చెబుదాం అనుకుంటూ గడిపేశాను. నిజం చెప్పాలంటే భయమేసింది. ఆ మనిషి మొహం చూసి ఆ మాట అనడానికి భయమేసింది. అలాంటి సూదులు తర్వాత కొన్నేళ్ళకు వేరేవాళ్ళవి వచ్చాయి. అప్పటికి కిష్టయ్య మళ్ళీ ఇల్లు వదిలిపోయాడు, ఈసారి దొరకలేదు.

ముప్పయ్యో రోజున గ్రాఫు మీద చివరి చుక్క పెట్టాను. గీత తిన్నగా వచ్చింది, పద్నాలుగుకంటే తిన్నగా. నర్సింలు నా భుజం మీంచి వంగి చాలాసేపు చూశాడు. ఎప్పుడూ అడిగే ప్రశ్న అడుగుతాడని నేను బిగుసుకుపోయి కూర్చున్నాను.

అడగలేదు. నేనే, "నర్సింలూ, నీకొక సంగతి చెప్పాలి" అన్నాను.

"నాకెరికే సార్. సిరప్ ట్యాంకులకు జాగ కొలుసుకపోనీకి వచ్చినోడు నెల కిందనే చెప్పిండు" అన్నాడు నెమ్మదిగా. "మీరెప్పుడు చెప్తరో అని సూస్తున్న."

ముప్పయ్యో రోజు రీడింగు పుస్తకంలో రాసి, బీకరు తీసుకుని కడగడానికి వెళ్ళాడు.